సావొద్దు డాక్టరు

చావింట్లో నవ్వకూడదని నాకు తెలియదా? నర్సు ఉద్యోగంలో తల నెరిసినదాన్ని, ఎన్ని చావులు చూడలేదు! అయినా మొన్న మా డాక్టరుగారు పోయినరోజు, ఆయన్ని వసారాలో పడుకోబెట్టి చుట్టూ అంతమంది నిలబడి ఉండగా, కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆయన తమ్ముడు నావంక ఒక చూపు చూశారు. నిజానికి ఆ చూపుకి నేను భస్మమైపోవాలి. కానీ నా పక్కనున్న ముసలమ్మలందరూ నాతోపాటే నవ్వుతున్నారు, ఎంతమందిని భస్మం చేస్తారాయన? ఏడుస్తూ నవ్వాం, నవ్వుతూ ఏడిచాం. ఎందుకు నవ్వామో చెప్పాలంటే ముందు ఒక మాట ఎలా పుట్టిందో చెప్పాలి.

డుంబ్రిగుడ సంతకి వెళ్ళే దారి పక్కన రెండు గదులు, ముందు పొడుగాటి వసారా, వసారా పొడుగునా నడుమెత్తు కర్ర కమ్మీ. అదే మా ఆసుపత్రి. ముసలివాళ్ళ కోసమే పెట్టారు. "ముసలోళ్ళకి ఇడిగా ఆస్పత్రేటి, ముసిలితనం జబ్బేటి?" అని మొదట్లో సంతకొచ్చే జనం ముక్కున వేలేసుకునేవారు. "జబ్బు కాదు గనకే పెట్టాను బావూ" అనేవారాయన. ఆయన మిలిటరీ డాక్టరు. యూనిఫారం విప్పాక చాలాకాలంపాటు కింద మైదానంలో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేశారు. అదీ అయిపోయాక, అందరూ హాయిగా ఇంట్లో కూర్చునే వయసులో, ఈ కొండలెక్కి వచ్చారు. ఎందుకు సార్ ఈ చలిలో మీకీ తంటా అని ఒకసారి అడిగాను. "కింద అంతా సదునమ్మా. ఎవరు బాగా నడుస్తన్నారో, ఎవరు నడవట్లేదో తెలీదు. ఇక్కడైతే కొండే సెప్పేస్తాది" అన్నారు. వేళాకోళమనుకున్నాను. కాదని తరవాత తెలిసింది.

మనిషి పొట్టి. వెన్ను మాత్రం గోడకి మేకు కొట్టినట్టు నిటారుగా ఉండేది. మధ్యాహ్నం దాకా మంకీ క్యాపు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఆకుపచ్చ స్వెట్టరు. పొద్దున్నే ఒక గ్లాసు చోడి అంబలి, అదే రాగిజావ, పట్టుకుని వసారాలో కుర్చీ వేసుకుని దారివంక చూస్తూ కూర్చునేవారు. సంతకి ఎక్కివచ్చే ముసలివాళ్ళ నడకలు చూడటమే ఆయనకి పొద్దుటి పేపరు. "అదిగో, ఆ ముసిలమ్మ పోయినవారం బుట్ట నెత్తి మీద పెట్టుకుని వొచ్చింది. ఈవారం సంకన పెట్టుకుంది. పిలు, పిలు" అనేవారు. నేను వెళ్ళి పిలిస్తే ఆవిడ నన్ను తిట్టేది, సరుకు అమ్ముకునే వేళ చెడగొడుతున్నానని. ఆ తిట్లన్నీ నా ఖాతాలోకే.

ఎవరొచ్చినా "ఏటి నొప్పి?" అని అడిగేవారు కాదు. ముసలివాళ్ళని నొప్పి గురించి అడిగితే సాయంత్రం దాకా చెబుతారట, అసలుది తప్ప. "ఏటి మానేశావు?" ఇదీ ఆయన ప్రశ్న. పోయిన ఏడాది చేసిన పనుల్లో ఈ ఏడాది ఏది చేయడం లేదు? ఎంత తరచి అడిగినా "ఏటీ మాననేదు" అని భీష్మించుకున్న ఒక ముసలాయన చివరికి, "సుట్ట మానేశాను బావూ" అన్నాడు. మంచిపనే చేశాడని నేను తల ఊపాను. డాక్టరుగారు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఎందుకు మానేశావు?"

"అగ్గిపుల్ల గియ్యలేకపోతన్నాను. సెయ్యి ఆడిపోతంది."

డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. ఆ వణుకుడు జబ్బుకి మందుంది. మందు పడింది, చెయ్యి నిలబడింది. ముసలాయన మళ్ళీ చుట్ట వెలిగించుకుని ఆ గుప్పుగుప్పు పొగతోనే కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడు. నేను చివాట్లు పెట్టబోతే డాక్టరుగారు నన్ను ఆపి, "ఇప్పుడు మాను. సెయ్యగలిగి మానడం వేరు, సెయ్యలేక మానడం వేరు" అన్నారు అతనితో. ముసలాయన మానలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆయనకి ఇంకో చెడ్డపేరుండేది: మందులు లాక్కునే డాక్టరని. ముసలివాళ్ళు వస్తూ వస్తూ ఒక గుడ్డసంచీ తెచ్చేవారు. అందులో కొత్తవలసలో ఇచ్చినవి, సంతలో కొన్నవి, అల్లుడు తెచ్చినవి, పక్కింటామెకి బాగా పనిచేశాయని ఆవిడ దగ్గర అడిగి పుచ్చుకున్నవి. ఆయన సంచీని బల్లమీద బోర్లించి, చింతగింజలు ఏరినట్టు ఒక్కో మాత్రా ఏరి, సగానికి సగం పక్కన పెట్టేసేవారు. "డాకటరన్నోడు మందులివ్వాల గానీ ఉన్నయి గుంజుకుంతాడేటి!" అని ఒక ముసలమ్మ బల్ల మీద చెయ్యి చరిచి నిలదీసింది. పదిరోజులు పోయాక కళ్ళు తిరగడం తగ్గిందని ఆవిడే ఒక సీతాఫలాల బుట్ట తెచ్చింది. వాటిలో పెద్దవి మూడు మళ్ళీ వెనక్కి తీసుకుంది, మందులు గుంజుకున్నందుకు.

ఒక్కొక్కళ్ళతో అంతసేపు మాట్లాడుతుంటే వసారాలో జనం పేరుకుపోయేవారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "మీరు వైద్యం చేస్తున్నారా, వియ్యమందుకుంటున్నారా సార్?" అని అరిచేదాన్ని. ఆయన నవ్వేసి, "రెండూనమ్మా" అనేవారు. ఒక ముసలాయనకి చెవుడొచ్చిందని ఆయన పెళ్ళాం తీసుకొస్తే, అది చెవుడు కాదు, గూబనిండా గుబిలి. డాక్టరుగారు ఓపిగ్గా తీసి కడిగారు. ముసలాయన లేచి వసారాలోకి వెళ్ళి, తన భార్య వాగుడు కాసేపు విని, తిన్నగా లోపలికి వచ్చేశాడు. "బావూ, తీసింది మళ్ళీ ఎట్టేయవా?" అన్నాడు. ఆ రోజంతా మా ఇద్దరికీ పని సాగలేదు.

ఇక సైనికులు. మాజీ జవాన్లు కింద నుంచి పాసింజరు రైలెక్కి ఆయన కోసం వచ్చేవారు. సిపాయివాడు నొప్పి చెప్పడని ఆయన సిద్ధాంతం. అందుకని వాళ్ళని బయట కూర్చోబెట్టి ముందు భార్యల్ని అడిగేవారు, పనిలో పనిగా భార్యల మోకాళ్ళూ కళ్ళూ కూడా చూసేవారు. అలా భార్య మాట మీదే మేం ఒకసారి కొండమీది గూడేనికి వెళ్ళాం. ఆవిడ పేరు గురుబారి. సంతలో అల్లం అమ్ముకునేది. ఆవిడ భర్త లచ్చన్న మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చి, కాఫీ తోట వేసుకున్న మనిషి. వానాకాలంలో జ్వరం వచ్చి పడుకున్నాడు. జ్వరం తగ్గింది గానీ మనిషి లేవలేదు. రోజూ ఎవరొచ్చి పిలిచినా ఇటు తిరగడు. ఇలాగే ఉంటే చలికాలం దాటడని గూడెంలో అందరూ అనుకుంటున్నారు, ఆవిడ వినేలాగే.

"దినామూ గోడకేసే సూత్తాడు బాబూ" అంది గురుబారి వాకిట్లోనే. "నన్నొదిలేసి గోడని పెళ్ళాడినాడు."

డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని కాళ్ళు నొక్కి చూశారు, గుండె విన్నారు, ఎంతసేపో మాట్లాడారు. కాలి కండలు కరిగిపోయాయి, అంతే, విరిగిందేమీ లేదు, లేస్తే లేవగలడు. కానీ లచ్చన్న గోడతోనే ఉన్నాడు. గురుబారి నావంక చూసింది. ఆ చూపులో ఉన్నది నేను మరిచిపోలేను. ఇక ఈయన కూడా చేతులెత్తేస్తే తనకెవరూ లేరని.

డాక్టరుగారు లేచి బయటికి నడిచారు. వెళ్ళిపోతున్నారనుకున్నాను. వాకిలి మధ్యలో నిలబడి, మడమలు దగ్గరికి చేర్చి, ఊపిరి పీల్చి, ఆ పొట్టి మనిషిలో అంత గొంతు ఎక్కడ దాచారో గానీ,

"హవల్దార్! సావ్‌ధాన్!"

కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. నా చేతిలో బీపీ మిషను జారింది. లోపల మంచం కిర్రుమంది. పరిగెత్తుకు వెళ్ళి చూస్తే లచ్చన్న కాళ్ళు నేలమీద పెట్టి, వెన్ను నిటారుగా చేసి కూర్చున్నాడు. నేనూ గురుబారీ చెరో రెక్కా పట్టుకున్నాం. లేచాడు! వణుకుతూ, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. డాక్టరుగారు గుమ్మంలో నిలబడి కాసేపాగి, మెల్లిగా "విశ్రామ్" అనగానే కూర్చున్నాడు.

గురుబారి ఏడుపూ నవ్వూ కలిపేసింది. "సావొద్దన్నావు, లేసినాడు! నానూ ఇన్నాళ్ళూ సెప్తన్నాను, సావొద్దు సావొద్దని. నా మాట ఇన్లేదు. అరవాలని నాకు తెల్దు బాబూ!"

నాకు వెంటనే దిద్దాలనిపించింది. కాదమ్మా, అది హిందీ మాట, నిటారుగా నిలబడమని అర్థం అని చెప్పబోయాను. డాక్టరుగారు వేలెత్తి నన్ను ఆపారు.

"దిద్దకమ్మా. తెలుగులో అదే అర్థం."

ఆ మాట మాకంటే ముందు కొండ దిగి సంతకి చేరిపోయింది. సావొద్దని అరిస్తే చచ్చేవాళ్ళు లేచి కూర్చుంటారట! తరవాతి సంతకి ముసలమ్మలు బుట్టలు వసారాలో దించి, "మాకూ సెప్పు బాబూ సావొద్దని" అని వరసకట్టారు. ఆయనకి అంతకంటే ఏం కావాలి? ముసలివాళ్ళు పడిపోకుండా ఉండాలంటే కాళ్ళలో బలం ఉండాలి, దానికి రోజూ లేచి కూర్చోవాలి, మునివేళ్ళ మీద నిలబడాలి. ఇది ఎన్ని నెలలుగా ఎంత చెప్పినా ఒక్కరూ విన్న పాపాన పోలేదు. ఇప్పుడు అందరూ కమ్మీ పట్టుకుని నిలబడితే, ఆయన "సావ్‌ధాన్!" అనేవారు. ముసలమ్మలు "సావొద్దూ!" అని తిరిగి అరిచి మునివేళ్ళ మీదకి లేచేవారు. "విశ్రామ్" అంటే, "ఇస్రాం" అని బల్లల మీద కూలబడేవారు. కూలబడితే ఆయన ఒప్పుకునేవారు కాదు, చేతులు ఆనించకుండా నెమ్మదిగా కూర్చోవాలి. వాళ్ళలో వాళ్ళు పోటీలు, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడాలు, పళ్ళులేని నవ్వులు. రైలు దిగి వచ్చిన జవాన్లు మొదట బిగుసుకుపోయి చూసి, తరవాత ముసలమ్మల వెనకాల చేరేవారు. లచ్చన్న కర్ర పట్టుకుని వరస చివర నిలబడేవాడు. దారిన పోయే బస్సులు ఆగి చూసేవి. డాక్టరుగారి అసలు పేరు బోర్డుమీదే ఉండిపోయింది. కొండకొండంతా ఆయన సావొద్దు డాక్టరే. "సిస్టరమ్మా, ఈవారం సావొద్దు ఉందా నేదా?" అని సంతలో ఎక్కడపడితే అక్కడ నన్ను ఆపి అడిగేవారు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు వింటే ఏమనుకుంటారో అని నా ప్రాణం చచ్చేది.

అలాంటి మనిషి పడ్డారు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అందరి చెప్పులూ తిరగేసి అరిగినవాటిని పారేయమనే మనిషి, తన చెప్పులు అద్దంలా అరిగిపోయేదాకా తొడుక్కుని, సంతలో పనసతొక్క మీద కాలేసి పడ్డారు. తుంటి విరిగింది. జీపులో విశాఖపట్నం తీసుకెళ్తుంటే, ఆ చెప్పు తిరగేసి ఆయన మొహం ముందు పెట్టాను. అంత నొప్పిలోనూ నవ్వారు. ఆపరేషను బాగా జరిగింది. అక్కడ నాలుగడుగులు నడిపించి పంపించారు కూడా. ఇక్కడికి వచ్చాకే మొదలైంది. ఆసుపత్రిలోనే తను ఉండే వెనకగదిలో పడుకున్నారు, లేవలేదు. నడవడానికి ఇచ్చిన నాలుగుకాళ్ళ కర్ర మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

"నా వయసుకి ఇంతేనమ్మా" అన్నారు ఒకరోజు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ మాట ఈ వసారాలో ఎవరూ అనకూడదన్నది ఎవరు సార్?"

"వసారాలో గదా. ఇది గది."

వేళాకోళం ఉంది కదా, పరవాలేదనుకున్నాను. కానీ ఏ మాత్ర ఇస్తే అది ఎందుకని అడక్కుండా మింగుతుంటే నాకు నిజంగా భయం వేసింది. అందరి సంచులూ బోర్లించిన మనిషి! శ్రీకాకుళం తీసుకుపోడానికి సంత మర్నాడు తమ్ముడు కారు పంపిస్తానన్నారట. ఆసుపత్రికి తాళం వేసి, బోర్డు దింపించమని డాక్టరుగారే నాకు చెప్పారు. "నిలబడలేనోడు ఇంకోడిని నిలబడమని ఎలగ సెప్తాడమ్మా?" అన్నారు గోడవైపు తిరిగి. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆయన వెళ్ళిపోతే ఈ వసారాలో మళ్ళీ మేకలు పడుకుంటాయి, ఆ ముసలమ్మలు మళ్ళీ ఒక్కొక్కరే గోడలవైపు తిరుగుతారు.

సంతరోజు వచ్చింది. వసారా నిండిపోయింది. ఈవారం లేదమ్మా, ఇక ఉండదు, ఇళ్ళకి పొండని చెప్పాను. గురుబారి అల్లం బుట్ట దించి, "సావొద్దు నేదా? ఎవరు సెప్పినారు?" అంటూ నన్ను తోసుకుని తిన్నగా వెనకగదిలోకి వెళ్ళింది. వెనకాలే నేనూ పరిగెత్తాను.

ఆవిడ నడుమ్మీద చేతులు పెట్టుకుని మంచం వంక చూసింది. "ఓలమ్మ! ఈయన కూడా గోడని పెళ్ళాడినాడు!" అంది. తరవాత మంచం పక్కన కూర్చుని, ఆయన అడిగినట్టే, మెత్తగా అడిగింది. "ఏటి మానేసినావు బాబూ?"

ఆయన దుప్పటి మెడ దాకా లాక్కున్నారు.

"అరిస్తే గానీ ఇనరమ్మా ఈ సిపాయోలు" అని నాతో చెప్పి, వసారాలోకి వెళ్ళింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆ తరవాత వసారా అంతా ఒక్క గొంతుతో లేచింది.

"సావొద్దూ!"

సంతలో బేరాలు ఆగిపోయాయి. గదిలో మంచం కిర్రుమంది. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నారు, కళ్ళనిండా నీళ్ళతో. మోచేతి మీద లేచి, కాళ్ళు నేలకి దించి, "ఓసి గురుబారీ, అది సావొద్దు కాదే, సావ్‌..." అని మొట్టమొదటిసారి దిద్దబోయారు.

"దిద్దకండి సార్" అన్నాను. "తెలుగులో అదే అర్థం."

నావంక చూశారు. తువ్వాళ్ళు తీసి పారేసి ఆ కర్ర ముందుకి జరిపాను. లేచారు. ఒక్కో అడుగే వేసుకుంటూ గుమ్మం దాటి వసారాలోకి వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ముసలమ్మల్లోంచి ఒక ఈల వినిపించింది. నిజం, వాళ్ళలో ఒకావిడకి ఈల వేయడం వచ్చని ఆరోజే తెలిసింది. కాసేపటికి ఆయన కాళ్ళు వణికాయి. "విశ్రామ్ సెప్పవే, పడిపోతాను" అని గురుబారిని బతిమాలారు. "ఉండు, నువ్వు మమ్మల్ని బేగి వొదిలీసినావేటి?" అని ఆవిడ ఇంకాస్త నిలబెట్టి, అప్పుడు "ఇస్రాం!" అంది. చేతులు ఆనించకుండా నెమ్మదిగా కూర్చోమని కూడా చెప్పింది. మర్నాడు తమ్ముడుగారి కారు వచ్చింది. పనసకాయలూ అల్లమూ ఎక్కించుకుని వెనక్కి వెళ్ళింది.

ఆ తరవాత చాలా సంతలు జరిగాయి. ఆయన కుర్చీలో కూర్చునే సావ్‌ధాన్లు చెప్పారు, కొత్త చెప్పులు వేసుకుని. మొన్న పొద్దున, వానలు వెనకపట్టిన రోజు, అంబలి తాగేసి గ్లాసు కింద పెట్టి, దారివంక చూస్తూ చూస్తూనే వెళ్ళిపోయారు. జబ్బు లేదు, మంచం లేదు. నేను కాఫీ పట్టుకుని వచ్చేసరికి ఇంకా ఎవరినో చూస్తున్నట్టే ఉన్నారు.

కబురు తెలిసి గూడేలన్నీ దిగివచ్చాయి. జవాన్లు రైల్లో వచ్చారు. తమ్ముడుగారు వచ్చారు. పూలు పెట్టారు. ఆఖరి వందనం చేయించాలని, అందరిలోకీ పెద్దవాడు గనక లచ్చన్నని ముందుకి పంపారు. పాత టోపీ పెట్టుకుని, కర్ర పక్కకి పారేసి, మడమలు దగ్గరికి చేర్చి, ఆ ముసలి గొంతులో ఉన్నదంతా పోగుచేసుకుని అరిచాడు.

"సావ్‌ధాన్!"

జవాన్లు బిగుసుకున్నారు. వసారాలో ఉన్న ముసలమ్మలందరూ అలవాటు కొద్దీ కమ్మీ పట్టుకుని మునివేళ్ళ మీదకి లేచారు. గురుబారి మొగుడి మీద విరుచుకుపడింది.

"ఇప్పుడు సెప్తావేటి ముసిలోడా? పోయినాక సావొద్దంటే ఇంతాడేటి? నిన్ననే సెప్పాల గదా!"

అదిగో, అప్పుడు నవ్వాను. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ముసలమ్మలు నవ్వారు, జవాన్లు మీసాలు వణికించుకుంటూ నవ్వు బిగబట్టారు. ఆయనే ఉంటే అందరికంటే ముందు నవ్వేవారు. లచ్చన్న మాత్రం కదలలేదు. తరవాతి మాట విశ్రామ్, అది అతని నోట రాలేదు. ఎవరూ చెప్పలేదు గనక ఎవరూ కూర్చోలేదు. జవాన్లు అలాగే, ముసలమ్మలు మునివేళ్ళ మీద అలాగే, నేనూ అలాగే.

గురుబారి కమ్మీ వదిలి ముందుకి వచ్చింది. వంగి, ఆయన మంకీ క్యాపు చెవుల మీదకి సరిగ్గా లాగింది. ఈసారి అరవలేదు.

"ఇస్రాం, బాబూ" అంది.

అప్పుడు కూర్చున్నాం అందరం, చేతులు ఆనించకుండా, నెమ్మదిగా.